గోడ మూసేముందు చూసిన మనిషి

శనివారం పొద్దున్న మేమింకా టిఫిన్‌కి కూర్చోకముందే పాస్టరమ్మ గారు ఫోన్ చేశారు. "ఇన్‌స్పెక్టర్ గారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారమ్మా," అన్నారు. వాకింగ్ నుంచి వచ్చి, షూ విప్పుకోవడానికి గుమ్మం పక్కనున్న కుర్చీలో కూర్చున్నారట. ఒక షూ విప్పారట. ఆయన భార్య, మేమంతా ఆంటీ అని పిలిచే ఆవిడ, లోపలి నుంచి వచ్చేసరికి తల గోడకి ఆనించి ఉన్నారట. నిద్రపోతున్నారనుకుని ఆవిడ కాసేపు లేపలేదట.

ఫోన్ పెట్టేశాక నేను చేసిన మొదటి పని మీకు వింతగా అనిపించవచ్చు. వెనక గదిలోకి వెళ్ళి, వేడిగాలి వచ్చే వెంట్ కింద చెయ్యి చాపి నిలబడ్డాను. గాలి వెచ్చగా వస్తోంది. అప్పుడు ఏడుపొచ్చింది.

ఆయన మా ఊరి బిల్డింగ్ డిపార్ట్‌మెంట్‌లో ఇన్‌స్పెక్టర్‌గా చేసి, రెండేళ్ళ క్రితం రిటైరయ్యారు. మా ఊరంటే కాలిఫోర్నియాలోని డబ్లిన్. మా తెలుగు క్రైస్తవ సంఘంలో ఆయన పెద్ద కూడా. మాకు సొంత చర్చి లేదు. ఒక అమెరికన్ సంఘంవాళ్ళు ఆదివారం మధ్యాహ్నాలు తమ హాలు మాకిస్తారు. అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉంటే, వెనక తలుపు దగ్గర కుర్చీ జరిగిన చప్పుడు వినిపించేది. బయటికి పోయే దారికి అడ్డంగా ఎవరో వేసిన కుర్చీని ఆయన పక్కకి జరుపుతున్నారని అందరికీ తెలుసు. చర్చికి వేసుకొచ్చే ఇస్త్రీ చొక్కా జేబులో కూడా చిన్న టార్చిలైటు ఉండేది. విందు రోజున బిర్యానీ గిన్నె అడుగు గోకి పెట్టమని అడిగేవారు. "మాడంటే అందరూ వదిలేస్తారమ్మా. అసలు రుచి దాంట్లోనే ఉంటది," అనేవారు. బాపట్ల దగ్గర పుట్టిన మనిషి. అమెరికాలో ముప్ఫయ్యేళ్ళు పైగా ఉన్నా ఆ యాస పోలేదు.

ఇంత మంచి మనిషితో మా ఆయన నాలుగు నెలలకు పైగా మాట్లాడలేదు. ఆ సంగతి చెప్పకుండా ఆయన్ని తలుచుకుంటే అది నిజమైన తలపు కాదు.

మేము కొన్న ఇల్లు చాలా పాతది. పునాది పగిలింది. బాగు చేయించడం కంటే కూల్చి కట్టుకోవడమే మేలన్నారు. కూల్చిన ఇంట్లో ఇటుకలతో కట్టిన ఫైర్‌ప్లేస్ ఒకటి ఉండేది. మా ఆయనకి అదంటే ప్రాణం. మా మామగారు ఏజెన్సీ కొండల్లో మిషన్ హాస్టల్ పిల్లలకి టీచరు. చలికాలం సాయంత్రాలు నెగడు వేసి, పిల్లలందరినీ చుట్టూ కూర్చోబెట్టి కథలు చెప్పేవారట. కొత్త ఇల్లు మొదలుపెట్టిన ఏడాదే ఆయన పోయారు. కొత్త ఇంట్లో కట్టెల స్టవ్ పెట్టాలని, అమ్మ వస్తే దాని ముందు కూర్చోబెట్టాలని మా ఆయన పంతం పట్టారు. అది ఒట్టి ముచ్చట కాదని నాకు తెలుసు. తండ్రి అంత్యక్రియలకి వీసా గొడవ వల్ల వెళ్ళలేకపోయిన కొడుకు ఆయన.

అయితే మా ప్రాంతంలో కొత్తగా కట్టే ఇంట్లో కట్టెలు కాల్చే పొయ్యి ఏదీ పెట్టకూడదు. తక్కువ పొగ వచ్చే రకమని సర్టిఫికెట్ ఉన్నా సరే. గ్యాసుదో, కరెంటుదో పెట్టుకోవాలి. ఈ సంగతి మాకు తెలుసు. తెలిసే, ప్లానులో గ్యాస్ ఫైర్‌ప్లేస్ అని చూపించి, లోపల మాత్రం కట్టెల స్టవ్‌కి సరిపోయే పొగగొట్టం పెట్టించారు మా ఆయన. పోత ఇనుప స్టవ్ ఒకటి ఎవరి దగ్గరో పాతది కొని, గరాజ్‌లో దుప్పటి కప్పి ఉంచారు. "ఫైనల్ ఇన్‌స్పెక్షన్ అయ్యాక మార్చేద్దాం. అయినా వచ్చేది మన అంకులే కదా," అన్నారు. నేను వద్దనలేదు. ఆ తప్పులో నాకూ సగం వాటా ఉంది.

గోడ చెక్కల మీద డ్రైవాల్ పలకలు కొట్టి మూసేయకముందు జరిగే ఇన్‌స్పెక్షన్‌కి ఇన్‌స్పెక్టర్ గారు వచ్చారు. రాగానే ఒక మాట చెప్పారు. "మీరు నాకు తెలిసినవాళ్ళని ఆఫీసులో చెప్పా. ఇంకొకాయన్ని పంపమన్నా. ఆయనకి మోకాలి ఆపరేషన్ అయింది, లీవ్‌లో ఉన్నాడు. అందుకని నేనే వచ్చా. కాబట్టి ఇవాళ మనం చుట్టాలం కాదు, సరేనా?"

నేను ఫ్లాస్కులో కాఫీ తీసుకెళ్ళాను. కప్పు అందించబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"సంతకం పెట్టే చేత్తో కప్పు పట్టుకోనమ్మా. ఏమనుకోకు."

వైర్లు చూశారు. నీళ్ళ పైపులు చూశారు. హాల్లోకి వచ్చి, గోడ చెక్కల మధ్య నుంచి పైకి పోతున్న గొట్టం దగ్గర ఆగారు. టార్చి వేశారు. చేత్తో చుట్టుకొలత పట్టి చూశారు.

"ఇదేంటి బాబూ?"

"గ్యాస్ ఫైర్‌ప్లేస్ అంకుల్. ప్లాన్‌లో ఉందిగా," అన్నారు మా ఆయన.

"గ్యాస్‌కి ఇంత లావు గొట్టం దేనికి?"

మా ఆయన నేల చూపులు చూశారు. ఇన్‌స్పెక్టర్ గారు గరాజ్ వైపు నడిచారు. దుప్పటి ఎత్తలేదు. కింద నుంచి కనిపిస్తున్న ఇనుప కాళ్ళు చూసి, తిరిగి వచ్చి, కాగితం మీద రాయడం మొదలుపెట్టారు.

"అంకుల్, ప్లీజ్. అమ్మ డిసెంబర్‌లో వస్తోంది. క్రిస్మస్‌కి హౌస్ వార్మింగ్ అనుకున్నాం. ఇప్పుడు మార్చమని కరెక్షన్ రాస్తే మొత్తం లేట్ అయిపోతుంది."

"అవుద్ది."

"పక్కింటాయన రోజూ కాలుస్తాడు. ఆయన చేస్తే రైట్, మేం చేస్తే తప్పా?"

"ఆయనది పాత ఇల్లు. ఉన్నదాన్ని కూల్చమనలేక వదిలేశారు. గాలి బాలేని రోజుల్లో ఆయన కూడా వెలిగించకూడదు. కొత్తగా మనమే ఎందుకు కట్టాలి, చెప్పు? పొగకి కంచెలుండవు బాబూ. నీ గొట్టంలోంచి వెళ్ళింది పక్కింటి ఉయ్యాల్లోకి దిగుద్ది."

"అంటే మీరు సంతకం పెట్టరు."

"ఈ గొట్టం ఉన్నంతకాలం పెట్టను. గోడ మూసేశాక లోపలేముందో దేవుడికొక్కడికే కనపడుద్ది. మనిషి ముందే చూడాలి."

కాగితం మా ఆయన చేతికివ్వబోతే ఆయన తీసుకోలేదు. నేనే తీసుకున్నాను.

ఇల్లు ఏడు వారాలు ఆలస్యమైంది. కాంట్రాక్టర్ వేరే పనికి వెళ్ళిపోయి, గొట్టం పీకడానికి తీరిక చేసుకునేసరికి జనవరి దగ్గర పడింది. మా అత్తయ్య గారు అద్దె అపార్ట్‌మెంట్‌లో, అట్టపెట్టెల మధ్య క్రిస్మస్ చేసుకున్నారు. మా ఆయన మా సంఘానికి రావడం మానేశారు. నేను, అమ్మాయి వెళ్ళేవాళ్ళం. ఇన్‌స్పెక్టర్ గారు నన్ను చూసి, "బాబు బాగున్నాడా?" అని మాత్రం అడిగేవారు. "బాగున్నారు అంకుల్" అనేదాన్ని. ఆ రోజుల్లో నాకూ ఆయన మీద కోపమే. చట్టం ఆయన చేతిలో ఉందని మనిషిని అంత నొప్పించాలా అనుకునేదాన్ని.

కొత్త ఇంట్లోకి వచ్చాం. చలికి హీట్ పంప్ పెట్టించాం. బయటి గాలిలోని వేడినే లాగి ఇల్లంతా పంపే మిషన్ అది. హాలు వెచ్చగా ఉండేది, మా గది వెచ్చగా ఉండేది. అత్తయ్య గారి వెనక గది మాత్రం మంచుగడ్డే. ఆవిడ స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని, మంకీ క్యాప్ పెట్టుకుని, రెండు జతల సాక్సులతో కూర్చునేవారు. మా ఆయన దానికి కూడా ఆయన్నే తిట్టేవారు. "స్టవ్ ఉండుంటే అమ్మకి ఈ బాధ ఉండేదా?" అనేవారు.

ఒకరోజు అత్తయ్య గారు విని విని, ఈ మాటన్నారు: "ఒరే, ఆ నెగడు ముందు కూర్చుని కథలు చెప్పింది మీ నాన్న. తడికట్టెలు ఊదింది నేను. నాకేం స్టవ్వులొద్దు. ఈ గదిలో వేడి ఎందుకు రావట్లేదో అది చూడు ముందు."

నాకు పెళ్ళయిన పదహారేళ్ళలో ఆవిడ ఆ పొగ గురించి మాట్లాడటం అదే మొదలు. శీతాకాలమంతా ఆవిడకి దగ్గు ఉంటుందని తెలుసు. అది ఎక్కడ పట్టుకుందో ఎవరమూ అడగలేదు.

కాంట్రాక్టర్‌కి ఫోన్ చేస్తే ఎత్తడు. చివరికి మా ఆయనకి చెప్పకుండా నేనే ఇన్‌స్పెక్టర్ గారికి చేశాను. ఆయన శనివారం పొద్దున్నే వచ్చారు. తలుపు తీసింది మా ఆయన.

"ఇవాళ నాకు సెలవు బాబూ," అన్నారాయన. "అక్కయ్య గారికి చలేస్తోందని తెలిసి వచ్చా. రావచ్చా?"

మా ఆయన పక్కకి తప్పుకున్నారు.

వెనక గదిలో జేబులోంచి టిష్యూ కాగితం తీసి, సన్నగా చించి, వెంట్ ముందు పట్టుకున్నారు. మా అమ్మాయి పక్కన చేరి, "అంకుల్, అది మూవ్ అవట్లేదు. వై?" అంది. "అదే నేనూ అడుగుతున్నానమ్మా," అన్నారు. హాల్లో పెడితే ఆ కాగితం రెపరెపలాడింది. ఇక్కడ చలనం లేదు. నిచ్చెన తెమ్మన్నారు. అరవై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులున్న మనిషి, పైకప్పు కింది ఆటిక్‌లోకి ఎక్కి, పాక్కుంటూ వెనక మూలకి పోయారు. పైన చెక్కలు కిర్రుమంటుంటే మా అందరి తలలూ ఆ చప్పుడు వెంట తిరిగాయి. చాలాసేపు ఏ అలికిడీ లేదు. తర్వాత దిగారు. జుట్టునిండా, కనుబొమల నిండా దూదిలాంటి ఇన్సులేషన్. నిచ్చెన చివరి మెట్టు మీద కూర్చున్నారు.

"తప్పు నాదే," అన్నారు.

మాకు అర్థం కాలేదు.

"గాలి గొట్టం ఊడి పక్కన పడుంది. బిగించే పట్టీ వెయ్యకుండా ఒట్టి టేపు చుట్టి వదిలేశారు. వేడంతా అటక మీదకే పోతోంది. కానీ అది కాదు సంగతి. ఆ పొగగొట్టం పీకాక మళ్ళీ వచ్చి, మీ ఇంటి గాలి గొట్టాలు చూసి సంతకం పెట్టింది నేను. ఆ రోజు మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి. మూల దాకా పాకలేదు. ముందు మూడు చూశా, బాగున్నాయి. నాలుగోది కూడా బాగానే ఉంటుందనుకున్నా."

అత్తయ్య గారు మంచం మీద నుంచి, "పోనీలే తమ్ముడూ, ఇప్పుడు దొరికిందిగా," అన్నారు.

"మీరు నెల రోజులు చలిలో ఉన్నారక్కయ్య గారూ. పోనీలే అంటే ఎట్టా?"

ఆయనే మళ్ళీ పైకెక్కి, మా ఆయన కింద నుంచి పట్టీలు అందిస్తుంటే, ఆ గొట్టం బిగించారు. సోమవారం ఆఫీసుకెళ్ళి, తాను చూడకుండా సంతకం పెట్టానని స్వయంగా రాసిచ్చారని మాకు తర్వాత తెలిసింది. అదే కాంట్రాక్టర్ కట్టిన మిగతా ఇళ్ళన్నీ మళ్ళీ తిరిగి చూశారు. ఇంకో రెండిళ్ళలో అదే పని దొరికింది. ఆయన ఫైలులో మచ్చ పడింది. రిటైర్‌మెంట్ దగ్గరలో ఉన్న మనిషికి ఆ అవసరం లేదు. ఎవరూ అడగలేదు కూడా.

ఆ శనివారం పని అయ్యాక మా ఆయన వంటింట్లోకి వెళ్ళి తన చేత్తో కాఫీ కలిపి తెచ్చారు. "ఇవాళ సంతకం లేదుగా అంకుల్. తాగండి," అన్నారు. ఆయన కప్పు అందుకున్నారు. రెండు గుక్కలు తాగి, ఎవరూ అడగకుండానే చెప్పడం మొదలుపెట్టారు.

కాలిఫోర్నియా రాకముందు ఆయన అమెరికాలోనే ఉత్తరాన ఒక చలి ఊళ్ళో పనిచేశారు. అక్కడ కట్టెల స్టవ్ లేని ఇల్లు లేదు. ప్రార్థన కూటంలో పరిచయమైన స్నేహితుడు ఇంటికి కొత్త గది కట్టుకుని, స్టవ్ పెట్టించుకున్నాడు. ఇన్‌స్పెక్షన్‌కి ఈయనే వెళ్ళారు. పొగగొట్టం గోడలోని చెక్కకి మరీ దగ్గరగా ఉంది. చూశారు. చెప్పారు కూడా. "తప్పకుండా మార్పిస్తా. ముందు భోంచెయ్యి," అన్నాడు స్నేహితుడు. ఆ స్నేహితుడి తల్లి అప్పుడే కాకినాడ నుంచి వచ్చి ఉంది. ఆవిడ చేసిన చేపల పులుసుతో కడుపునిండా తిని, వచ్చే వారం మార్పిస్తాడులే అని సంతకం పెట్టేశారు.

"మార్పించలేదు. నేనూ అడగలేదు. జనవరిలో గోడ లోపల అంటుకుంది. అందరూ బయటికొచ్చారు. ఆ పెద్దావిడ కూడా వచ్చింది. కానీ అప్పటికే పొగ పీల్చింది. పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉండి పోయింది."



"మీ ఫ్రెండ్ ఏమన్నారు?" అని అడిగారు మా ఆయన.

"ఏమీ అన్లా. ఈ రోజుకీ అన్లా. ఎంక్వయిరీలో ఉన్నది ఉన్నట్టు చెప్పా. సస్పెండ్ చేశారు. అది పెద్ద శిక్ష కాదు బాబూ. వాడు నన్ను ఒక్క మాట అనుంటే బాగుండేది." కప్పు అడుగు వైపు చూస్తూ, "మీ అమ్మ వస్తోందని నువ్వన్నప్పుడు, నాకు ఆవిడే గుర్తొచ్చింది. కానీ అది నీకు చెప్పి సంతకం మానేస్తే, నా బాధ నీ నెత్తిన పెట్టినట్టవుద్ది. అందుకని రూలే చెప్పా," అన్నారు.

మా ఆయన లేచి వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నారు. క్షమించమని అడిగారో లేదో నాకు వినపడలేదు. ఆయన మా ఆయన తల మీద చెయ్యి వేయడం మాత్రం చూశాను. ఆ చేతికి ఇంకా దూది అంటుకుని ఉంది.

తర్వాతి ఆదివారం మా ఆయన చర్చికి వచ్చారు. గరాజ్‌లోని స్టవ్ గురించి ఇన్‌స్పెక్టర్ గారు ఎన్నడూ మాటెత్తలేదు. ఒకరోజు మా ఆయనే పాత ఇనుము తీసుకునేవాళ్ళని పిలిచి ఇచ్చేశారు.

అత్తయ్య గారికీ ఆయనకీ అక్కాతమ్ముళ్ళ వరస గట్టిపడింది. ఆవిడ వచ్చిన ప్రతిసారీ ఆరు నెలలుంటారు. ఆ ఆరు నెలలూ ఆయన వారానికోసారి వచ్చి, ఎదురుగా కూర్చుని, చేపల చెరువుల ధరలూ, ఎవరి మనవరాలు ఎక్కడ చదువుతోందీ మాట్లాడుకునేవారు. అడవులు తగలబడి మా ఊరి మీద ఆకాశం పసుపురంగుకి తిరిగిన శరదృతువులో, పొద్దున్నే ఫ్యానుకి ఫిల్టరు అతికించి పట్టుకొచ్చారు. కిటికీల సందుల్లో టేపు వేశారు. "మనం పెట్టని మంట కూడా మన ముక్కులోకే వస్తుంది, చూశావా," అన్నారు నాతో. ఆ రోజు ఆయన ముఖంలో ఉన్నది నేను కోపమనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, అది భయం. అత్తయ్య గారు దగ్గిన ప్రతిసారీ చేస్తున్న పని ఆపి ఆవిడ వైపు తిరిగేవారు.

ఆయనలో లోపాల్లేవని చెప్పను. పాట శ్రుతిలో పాడటం రాదు, మానేయమన్నా మానేవారు కాదు. సంఘంలో కొత్తగా పెళ్ళయినవాళ్ళ ఇంటికెళ్ళి కూడా గోడలు తట్టి చూసేవారు. ఆంటీ ఒకసారి, "మా ఇంటికి వచ్చినప్పుడన్నా చుట్టంలా రావయ్యా అని మా తమ్ముడు మొత్తుకుంటాడు," అని నవ్వుతూ చెప్పారు. ఏ ఇంటికి భోజనానికి పిలిచినా, ముందు ఒకటే ప్రశ్న: పొగ అలారం పనిచేస్తోందా? బ్యాటరీ తీసి పక్కన పెట్టామని చెబితే అన్నం ముందు కూర్చునేవారు కాదు.

మంగళవారం సమాధి కార్యక్రమం. జ్ఞాపకాలు చెప్పమని పాస్టర్ గారు నన్ను కూడా పిలిచారు. లేచి నిలబడ్డాను గానీ మళ్ళీ కూర్చున్నాను. ఆ రోజు చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను.

మేము వందమంది దాకా తెలుగువాళ్ళం ఉంటామనుకున్నాం. శ్మశానానికి వెళ్ళేసరికి లోపలి దారి పొడవునా పికప్ ట్రక్కులు ఆగి ఉన్నాయి. పైన నిచ్చెనలు, గొట్టాలు, తాళ్ళు కట్టి ఉన్నాయి. ఇళ్ళు కట్టే పనిలోంచి నేరుగా వచ్చినవాళ్ళు, సున్నం అంటిన బూట్లతో, టోపీలు చేతుల్లో పట్టుకుని, గడ్డి మీద వరసగా నిలబడ్డారు. మేము తెలుగులో కీర్తన పాడుతుంటే ఒక్క ముక్క అర్థం కాకపోయినా తలలు దించుకునే ఉన్నారు.

వాళ్ళలో నెరిసిన గడ్డం ఉన్న ఒకాయన ఆంటీ దగ్గరికి వచ్చాడు. తను కాంట్రాక్టర్‌నని చెప్పి, ఇంగ్లీషులో అన్న మాట ఇది: "మీ ఆయన నన్ను ఎన్నిసార్లు ఫెయిల్ చేశారో నాకు లెక్క లేదు. తిట్టుకోని రోజు లేదు. కానీ మా అమ్మాయి ఇల్లు కట్టుకున్నప్పుడు ఆఫీసుకి ఫోన్ చేసి, ఆయన్నే పంపమని బతిమాలాను."

ఆంటీ ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు.

సన్నగా చినుకులు మొదలయ్యాయి. మావాళ్ళంతా గొడుగులు తెరుచుకుని కార్ల వైపు నడిచారు. ఇంజన్లు స్టార్టయ్యాయి. మా కారు మలుపు తిరుగుతుంటే వెనక్కి చూశాను. ఆ ట్రక్కులవాళ్ళు ఇంకా కదల్లేదు. తడుస్తూ, టోపీలు పెట్టుకోకుండా, శ్మశానం పనివాళ్ళిద్దరు పలుగూ పారా పట్టి సమాధి మీద చివరి మట్టి సర్దుతుంటే, పని ఎలా చేస్తున్నారో చూస్తున్నట్టుగా నిలబడి ఉన్నారు.